డాక్టర్ లాన్యన్ జుట్టు: ‘విజిబ్లీ’ అనే మాట మీద ఒక కేస్ స్టడీ

పంతొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు భయానక కథల సంకలనం ఒకటి తెలుగులో తెస్తుంటే ఎడిటింగ్ పని నాకు వచ్చింది. అనువాదం చేసినవారు ఇంగ్లీషు లెక్చరర్‌గా రిటైరైన పెద్దాయన. మేమంతా ఆయన్ని మాస్టారు అనే పిలుస్తాం. సంకలనంలో ఎడ్గార్ ఎలన్ పో కథలు రెండు, డికెన్స్ ‘ఎ క్రిస్మస్ కారల్’, స్టీవెన్సన్ జెకిల్-హైడ్ కథ ఉన్నాయి. పని మొత్తం మీద సాఫీగానే సాగింది. ఒక్క చిన్న మాట మాత్రం ఎదురైన ప్రతిచోటా పేచీ పెట్టింది. స్టీవెన్సన్ దగ్గర అది ‘విజిబ్లీ’ (కంటికి కనిపించేలా), పో దగ్గర ‘పర్సెప్టిబ్లీ’ (పసిగట్టగలిగేంతగా), డికెన్స్ దగ్గర ‘క్లియర్లీ’. మూడింటికీ మాస్టారు ‘స్పష్టంగా’ అనే రాశారు. నిఘంటువు పక్కన పెట్టుకుని చూస్తే వంక పెట్టడానికేమీ లేదు. చదివితే మాత్రం మూడు చోట్లా వాక్యం కుంటుతోంది.

ప్రూఫులు చూసే అబ్బాయి సులువైన దారి చెప్పాడు. “మేడమ్, ఆ మాట తీసేస్తే పోలా? అర్థం ఏమీ మారట్లేదు కదా.”

తేలిగ్గా కొట్టిపారేయాల్సిన మాట కాదది. ఇంగ్లీషులో రచన నేర్పేవాళ్ళు కూడా క్రియావిశేషణం కనపడగానే పెన్ను తీసి కొట్టేయమంటారు. ‘ముసలివాడయ్యాడు’ అన్నాక ‘కనిపించేలా ముసలివాడయ్యాడు’ అనడం ఎందుకు? ముసలితనం కనిపించకుండా ఎక్కడ దాక్కుంటుంది? మరి భాషను అంత పొదుపుగా వాడిన స్టీవెన్సన్‌కు ఈ సంగతి తెలియదా? మేం పట్టుకున్న తీగ ఇదే.

లాయరు చూసిన రెండు ముఖాలు

స్టీవెన్సన్ జెకిల్-హైడ్ పుస్తకం 1886 జనవరిలో అచ్చయింది. కథలో ఎక్కువ భాగం అటర్సన్ అనే లాయరు చూపు వెంటే నడుస్తుంది. జెకిల్, లాన్యన్ ఇద్దరూ డాక్టర్లు, ఇద్దరూ ఆయనకు పాత స్నేహితులు. జనవరి 8న జెకిల్ ఇంట్లో విందు. లాన్యన్ కూడా వస్తాడు. ముగ్గురూ పాత రోజుల్లో లాగే కులాసాగా గడుపుతారు. 12వ తేదీ వెళ్తే జెకిల్ ఇంటి తలుపు తెరుచుకోదు. 14న, 15న కూడా అదే వరస. కొన్ని రోజులు ఆగి అటర్సన్ లాన్యన్ ఇంటికి వెళ్తాడు. తేదీలు ఎలా లెక్కేసుకున్నా ఆ విందు జరిగి రెండు వారాలు నిండలేదు. గుమ్మం దాటి లోపలికెళ్ళి లాన్యన్‌ను చూసి నిర్ఘాంతపోతాడు. అక్కడ వస్తుంది మా వాక్యం: ‘హి వాజ్ విజిబ్లీ బాల్డర్ అండ్ ఓల్డర్’. కంటికి కనిపించేలా బట్టతల ఎక్కువైంది, వయసు పెరిగింది అని.

రెండు వారాల లోపల మనిషికి బట్టతల పెరగడమేమిటి? రచయిత తన గొంతుతో ఊరికే చెబితే పాఠకుడు ‘ఇదేం చోద్యం’ అనుకుంటాడు. కాబట్టి ఆ మాట అనే పని రచయిత తన మీద పెట్టుకోలేదు. చూసినవాడు ఒకడున్నాడు, అతను లాయరు, మొన్ననే ఇదే మనిషిని చూసి వెళ్ళాడు, ఇప్పుడు మళ్ళీ చూస్తున్నాడు. ‘విజిబ్లీ’ వాక్యంలోకి తెచ్చింది ఆ చూపును. ‘ఎంత బట్టతల’ అన్న ప్రశ్నకు అది జవాబు కాదు, ‘ఎవరు చూశారు, దేనితో పోల్చి చూశారు’ అన్నదానికి జవాబు.

పోల్చడానికి తగిన సరుకు స్టీవెన్సన్ ముందే సిద్ధం చేసిపెట్టాడు. రెండో అధ్యాయంలో లాన్యన్ మొదటిసారి వచ్చినప్పుడు ఎలా ఉంటాడో చూడండి. ఆరోగ్యం ఉట్టిపడే మనిషి, శుభ్రమైన ముస్తాబు, ఎర్రటి ముఖం, వయసుకు ముందే నెరిసిన ఒత్తు జుట్టు, సందడి చేసే ధోరణి. జుట్టు నెరిసింది గానీ ఒత్తుగా ఉంది. ఆ ఒత్తు జుట్టు చదివి కొన్ని అధ్యాయాలు దాటాక ‘బాల్డర్’ దగ్గరికొస్తాం. పాఠకుడికి అది గుర్తుండకపోవచ్చు. అటర్సన్‌కు గుర్తుంది. ఇక్కడ ‘-అర్’ అనే తరతమ ప్రత్యయం కూడా గమనించాలి. ‘విజిబ్లీ బాల్డ్’ అనలేదు, ‘బాల్డర్’ అన్నాడు. ఈ రకం క్రియావిశేషణం పాత ఇంగ్లీషు వచనంలో ఎక్కువగా మార్పును చెప్పే మాట మీదే కూర్చుంటుంది. పెరిగింది, తగ్గింది, దిగింది, ముదిరింది లాంటివి. నిలకడగా ఉన్న స్థితికి దాని అవసరం తక్కువ.

అసలు రుచి చుట్టుపక్కల మాటల్లో ఉంది. ఈ వాక్యానికి ముందు వాక్యం చూస్తే, లాన్యన్ ముఖం మీద అతని ‘డెత్ వారంట్’ (మరణశిక్ష ఉత్తర్వు) రాసి ఉందట, అదీ ‘లెజిబ్లీ’, అంటే చదవగలిగేంత బాగా. ఆ తర్వాత పాలిపోయిన ముఖం, తగ్గిన ఒళ్ళు, మన ‘విజిబ్లీ’. వీటన్నిటినీ కలిపి ‘టోకెన్స్’ అన్నాడు, గుర్తులు అని. వాటికన్నా లాయరు చూపును పట్టి ఆపింది లాన్యన్ కళ్ళల్లోని ఒక భావం, అతని ధోరణి. మనసులో పాతుకుపోయిన ఏదో భయానికి అవి ‘టెస్టిఫై’ చేస్తున్నట్టు అనిపించిందట. వారంటు, చదవగలిగే రాత, గుర్తులు, సాక్ష్యం. అన్నీ కోర్టు మాటలే. లాయరు ముఖాన్ని దస్తావేజు చదివినట్టు చదువుతున్నాడు. ఆ వరసలో ‘విజిబ్లీ’ అంటే ఎదుట కనబడుతున్న రుజువు.

వాక్యం చివర్లో ఇంకో మెలిక ఉంది. జుట్టు, వయసు అనే సంగతులకు ‘విజిబ్లీ’. భయానికి మాత్రం ‘సీమ్డ్’, అంటే అనిపించింది. కంటికి కనిపించింది ఒకటి, దాన్నిబట్టి ఊహించింది ఇంకొకటి. ఒకే వాక్యంలో రెండింటికీ మధ్య గీత గీశాడు స్టీవెన్సన్. పైగా వెంటనే అటర్సన్ ఊహ తప్పుదారి పడుతుంది. ‘ఇతను డాక్టరు కదా, తన రోజులు దగ్గరపడ్డాయని తెలిసుంటుంది, ఆ దిగులు భరించలేకపోతున్నాడు’ అనుకుంటాడు. భయానికి అసలు కారణం అది కాదని పుస్తకం చివరికొచ్చాకే తెలుస్తుంది. కళ్ళు చెప్పింది నిజం, బుర్ర చెప్పింది కాదు. ఆ గీత తెలుగులో చెరిగిపోతే కథకు కావలసిన ఒక ఆధారం పోతుంది.

తెలుగులో ఎక్కడ చిక్కొచ్చింది

మాస్టారి మొదటి ప్రతిలో ‘అతను స్పష్టంగా బట్టతలతో, ముసలివాడిగా ఉన్నాడు’ అని ఉంది. తరతమం పోయింది, మార్పు పోయింది. పైగా ‘స్పష్టంగా’ అనే మాట మనకు ఎక్కువగా వినపడేవాటికి, చెప్పేవాటికి అలవాటు. స్పష్టంగా పలికాడు, స్పష్టంగా చెప్పాడు అంటాం. ‘స్పష్టంగా బట్టతల’ అంటే నవ్వొస్తుంది.

రెండో ప్రతిలో ‘జుట్టు పలచబడి, ముసలివాడిలా కనిపించాడు’ అని రాశారు. వినడానికి చక్కని తెలుగు. ఎవరూ అభ్యంతరం చెప్పరు. నాకు మాత్రం అసలు ప్రమాదం ఇక్కడే కనిపించింది. తెలుగులో ‘కనిపించాడు’ రెండు పనులు చేస్తుంది. కంటపడ్డాడు అనే అర్థం ఒకటి, అలా అనిపించాడు అనే అర్థం ఒకటి. ‘ముసలివాడిలా కనిపించాడు’ అంటే నిజానికి ముసలివాడు కాకపోవచ్చు, ఆ పూట అలా ఉన్నాడేమో అన్న సందు మిగులుతుంది. ఇంగ్లీషు మాట ఆ సందు మూయడానికి వచ్చింది, తెలుగు మాట దాన్ని తెరిచింది. ఇక వాక్యం చివర భయం దగ్గర కూడా ‘భయపడుతున్నట్టు కనిపించాడు’ అని వచ్చేసరికి రుజువూ ఊహా ఒకే గాటన పడ్డాయి.

ఈ మాట మాస్టారితో అంటే ఆయన కాసేపు ఆలోచించి, “ఏమ్మా, తెలుగువాడు ఇంత సన్నంగా చూసి చదువుతాడంటావా?” అన్నారు.

“చదవకపోవచ్చు మాస్టారూ. కానీ చివరి అధ్యాయాల్లో లాన్యన్ ఉత్తరం చదివేటప్పుడు, అంతకుముందు కళ్ళారా చూసిందేదో అనుకున్నదేదో తేడా తెలియాలి కదా.”

“అయితే ‘కనిపించాడు’ తీసెయ్. ఇంకేదైనా చూద్దాం,” అన్నారు. పెద్దవాళ్ళతో పనిచేయడంలో నాకు నచ్చేది ఇదే, వాదన నచ్చితే తమ వాక్యం మీద మమకారం పెట్టుకోరు.

ప్రూఫులబ్బాయి ‘కొట్టొచ్చినట్టు’ ప్రతిపాదించాడు. మంచి జాతీయం. కానీ దాని పాళ్ళు ఎక్కువ. గుంపులో ఒకటి మిగతావాటికన్నా ఎత్తుగా, వద్దన్నా కంట్లో పడేలా ఉంటే కొట్టొచ్చినట్టు అంటాం. అది ‘కాన్‌స్పిక్యువస్లీ’కి దగ్గర. లాన్యన్ ఇంట్లో గుంపు లేదు. ఒక మనిషి, అతని మునుపటి రూపం, అంతే. ‘కంటికి ఆనేలా’ కూడా అనుకున్నాం. ‘చూపు ఆనడం లేదు’ అని పెద్దవాళ్ళు అంటుంటారు, కాబట్టి ఆ పలుకు మనకు దగ్గరదే. అయితే ‘వాడి కంటికి నేనెక్కడ ఆనుతాను’ అనే చిన్నచూపు అర్థం కూడా దాని వెంట వస్తుంది. లాన్యన్‌కు ఒప్పలేదు గానీ, ఈ మాటను పారేయలేదు. పో దగ్గర పనికొచ్చింది.

‘డెత్ వారంట్’ దగ్గర మాస్టారు ‘చావు నుదుటి మీద రాసి ఉంది’ అన్నారు. ఇది వదలడానికి మనసొప్పలేదు, అంత తెలుగుతనం ఉంది అందులో. కానీ మన నుదుటిరాత బ్రహ్మ రాసింది, ఎవరికీ చదవరాదు. దాని బలమంతా చదవలేకపోవడంలోనే ఉంది. స్టీవెన్సన్ రాత దానికి సరిగ్గా తలకిందులు. వచ్చిన ఎవరైనా చదువుకోవచ్చు, లాయరైతే ఇంకా బాగా చదువుతాడు. అందుకని నుదురు తీసేసి ముఖం పెట్టాం, రాతకు బదులు ఉత్తర్వు పెట్టాం.

లోలకం దిగుతోందా?

స్టీవెన్సన్ దగ్గర తేలిన సంగతి మిగతా కథల్లోనూ నిలుస్తుందా అన్నది తర్వాతి ప్రశ్న. పో రాసిన ‘ది పిట్ అండ్ ది పెండ్యులమ్’ 1842లో వచ్చింది. టొలీడోలో మతవిచారణ కోర్టు శిక్ష వేసిన ఖైదీ తన కథ తానే చెబుతాడు. వెల్లకిలా కట్టేసి ఉంటాడు. ముప్ఫై నలభై అడుగుల పైన కప్పు. దాని మీద కాలపురుషుడి బొమ్మ, చేతిలో కొడవలి ఉండాల్సిన చోట ఒక లోలకం.

ఇక్కడ పో ఆడిన ఆట చూడండి. ఖైదీ మొదట లోలకాన్ని తదేకంగా చూస్తాడు. అది కదులుతున్నట్టు తోచిందంటాడు. మరుక్షణంలో అది ఊగుతోందని రూఢి అవుతుంది. కొన్ని నిమిషాలు చూసి విసుగొచ్చి చూపు తిప్పేస్తాడు. అప్పుడు ఎలుకలు వస్తాయి. తన కోసం పెట్టిన మాంసం మీదికి అవి ఎగబడకుండా అదిలించడంతోనే సరిపోతుంది. అరగంటో, గంటో గడుస్తుంది. కాలం లెక్క సరిగ్గా తెలియడం లేదని అతనే ఒప్పుకుంటాడు. మళ్ళీ పైకి చూస్తాడు. ఊపు దాదాపు ఒక గజం పెరిగింది, వేగమూ పెరిగింది. కానీ అతన్ని అన్నిటికన్నా కలవరపెట్టింది లోలకం ‘పర్సెప్టిబ్లీ’ కిందికి దిగిందన్న ఆలోచన.

ఎలుకలు కథలో ఎందుకున్నాయని ఎవరైనా అడిగితే అసహ్యం పుట్టించడానికి అంటారు, చివర్లో కట్లు కొరకడానికి అంటారు. రెండూ నిజమే. నా లెక్కలో మూడో పని కూడా ఉంది, అతని చూపును పైనుంచి మళ్ళించడం. అతను కన్నార్పకుండా చూస్తూ ఉంటే ‘పర్సెప్టిబ్లీ’ అనే అవకాశం రాదు. చూపుకూ చూపుకూ నడుమ ఎడం కావాలి. కొద్ది వాక్యాల తర్వాత పో ఆ సంగతి తనే చెప్పేస్తాడు. అంగుళం అంగుళం, గీత గీత, యుగాల్లా తోచిన ఎడాల్లో మాత్రమే తెలిసేంత నెమ్మదిగా లోలకం అడుగున ఉన్న కత్తి దిగుతూనే ఉందట. ఎడాల్లో మాత్రమే తెలిసేంత. ఈ జాతి మాటలకు ఇంతకన్నా మంచి నిర్వచనం నాకు ఏ వ్యాకరణంలోనూ దొరకలేదు.

అక్కడి నుంచి కత్తి దగ్గరపడుతుంది, ఇక చూపు తిప్పే ప్రశ్నే లేదు. అప్పుడు పో మాటలు మారిపోతాయి. మూడు పేరాలు వరసగా ‘డౌన్’ అనే మొదలవుతాయి. మొదటిదాంట్లో కత్తి నిలకడగా దిగుతుంది. రెండోదాంట్లో తప్పకుండా, కనికరం లేకుండా. మూడోదాంట్లో ఆగకుండా, తప్పించుకోలేనట్టుగా. క్రియావిశేషణాలు కుప్పలుగా వచ్చాయి గానీ ‘పర్సెప్టిబ్లీ’ మళ్ళీ రాలేదు. దాని పని అయిపోయింది.

ప్రూఫులబ్బాయి ప్రశ్నకు ఇది గట్టి జవాబు. ఆ ఒక్క మాట తీసేసి ‘లోలకం కిందికి దిగిందన్న ఆలోచన నన్ను కలవరపెట్టింది’ అని చదివి వినిపించాను. అతనే అన్నాడు, “ఇలా అయితే అది ధడేల్మని పడ్డట్టుంది మేడమ్.” నిజమే. ఎంత దిగిందో చెప్పకపోతే ‘దిగింది’ అనేదానికి హద్దు లేదు. ‘పర్సెప్టిబ్లీ’ ఆ హద్దు పెడుతుంది. తేడా ఉందని కన్ను పట్టుకోగలిగింది, అంతవరకే. చివరికి తెలుగులో ‘ఈసారి చూపుకు ఆనేంతగా అది కిందికి దిగింది’ అని కుదిరింది. ‘ఈసారి’ మూలంలో లేదు. నేనే వేయించాను. తెలుగులో రెండు చూపుల మధ్య ఎడాన్ని ఆ మాట మోస్తుంది.

కళ్ళెదుటే జరిగితే

ఇంకో రుజువు ఈ మాట రాని చోట్ల దొరికింది. పో రాసిన ‘ది ఫాల్ ఆఫ్ ది హౌస్ ఆఫ్ అషర్’ కథ 1839 నాటిది. మొదట్లోనే ఇంటి ముందు గోడ మీద ఒక బీట ఉందంటాడు, కప్పు నుంచి వంకరటింకరగా దిగి చెరువు నీళ్ళలో కలిసిపోయే బీట. అది ‘బేర్లీ పర్సెప్టిబుల్’, పరీక్షగా చూసేవాడికైతే కనబడుతుందేమో అన్నట్టుంది. దీనికి మాస్టారు ఠక్కున ‘కంటికి ఆనీ ఆనని బీట’ అన్నారు. ఒక్క అక్షరం ముట్టుకోలేదు. కథ చివర ఆ బీట గుండానే ఎర్రటి చంద్రుడు వెలుగుతాడు, చూస్తుండగానే అది విచ్చుకుంటుంది, ఇల్లు కూలుతుంది. అక్కడ ‘వైల్ ఐ గేజ్డ్’ అన్నాడే తప్ప ‘విజిబ్లీ’ అనలేదు. చూస్తూనే ఉన్నాడు కదా, ఇక సాక్షిని వేరే పిలవనక్కర్లేదు.

స్టీవెన్సన్ దగ్గర ఇది ఇంకా బాగా తేలుతుంది. జెకిల్ మందు తాగి తెచ్చుకున్న తన దుష్ట రూపమే హైడ్. ఆ హైడ్ మళ్ళీ మందు తాగి జెకిల్‌గా మారే ఘట్టాన్ని లాన్యన్ తన ఉత్తరంలో రాస్తాడు. ఒక్క గుక్కలో తాగాడు, కేక పెట్టాడు, తూలి బల్ల పట్టుకున్నాడు. ఆ తర్వాత మార్పు వచ్చిందని లాన్యన్ ‘అనుకున్నాడు’. అతను ఉబ్బినట్టు ‘తోచింది’. ముఖం నల్లబడింది, కవళికలు కరిగి మారిపోతున్నట్టు ‘తోచింది’. పుస్తకం మొత్తంలో కళ్ళెదుటే జరిగిన అతి పెద్ద మార్పు ఇది, చూస్తున్నది శాస్త్రం చదివిన డాక్టరు. అయినా ‘విజిబ్లీ’ లేదు. కళ్ళు చూస్తున్నాయి, బుర్ర నమ్మడం లేదు. లాయరు తన స్నేహితుడి జుట్టు గురించి ఇచ్చినంత ధీమా సాక్ష్యం డాక్టరు ఇవ్వలేకపోయాడు. ఇది చూశాక లాన్యన్ జుట్టు వాక్యం మీద ఎంత టైమ్ పెట్టినా దండగ కాదనిపించింది.

(ఈ పుస్తకంలో తేదీల తిరకాసు ఒకటుంది. జెకిల్ రాసిన ఉత్తరం జనవరి 9న అందిందని లాన్యన్ అంటాడు, ఉత్తరం మీద మాత్రం డిసెంబర్ 10 అని ఉంటుంది. దాన్ని సరిచేద్దామని ప్రూఫులబ్బాయి ఉత్సాహపడ్డాడు. అచ్చులో ఉన్నది ఉన్నట్టు ఉంచాం.)

చుట్టాలు పక్కాలు

పని మధ్యలో ఈ మాట చుట్టాలు కూడా కొన్ని తగిలాయి. ‘కాన్‌స్పిక్యువస్’ది తమాషా చరిత్ర. ‘లేకపోవడం వల్లే కొట్టొచ్చినట్టు కనిపించడం’ అనే పలుకుబడిని ఇంగ్లీషులో వాడుకలోకి తెచ్చింది లార్డ్ జాన్ రస్సెల్, 1859లో లండన్ ఓటర్లను ఉద్దేశించి. ఆయన దాన్ని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ నుంచి తీసుకున్నాడు. క్రీ.శ. 22లో జూనియా అనే ఆవిడ అంత్యక్రియల ఊరేగింపులో గొప్పింటి పూర్వీకుల బొమ్మలన్నీ తెచ్చారు గానీ, సీజర్‌ను చంపినవాళ్ళలో ఉన్న అన్న బ్రూటస్, భర్త కాసియస్ బొమ్మలు మాత్రం తేలేదు. లేనందుకే అవి అన్నిటికన్నా మెరిశాయంటాడు టాసిటస్. మన పేపర్లలో ‘సభలో ఆయన గైర్హాజరు కొట్టొచ్చినట్టు కనిపించింది’ అని ఇప్పటికీ రాస్తుంటారు.

‘ఎవిడెంట్లీ’ ఇంకో రకం. కనిపించినదాన్నిబట్టి తేల్చింది దాని పరిధి. షెర్లాక్ హోమ్స్ 1887లో మొదటి నవలలో వాట్సన్‌ను చూడగానే ‘మీరు అఫ్ఘానిస్తాన్ వెళ్ళొచ్చారని గమనించాను’ అంటాడు. అక్కడి క్రియ ‘పర్సీవ్’. అఫ్ఘానిస్తాన్ ఎవరి ముఖం మీదా కనిపించదు. ఎండకు కమిలిన చర్మం, గాయపడిన చెయ్యి కనిపిస్తాయి. మిగతాది లెక్క. ఆ లెక్కను చూపు మాటతో చెప్పడమే హోమ్స్ గడుసుతనం. ఇలాంటివాటికి తెలుగులో ‘చూస్తేనే తెలుస్తోంది’ బాగా అతుకుతుంది.

తలకిందులుగా ఉండే మాట ‘ఇన్‌సెన్సిబ్లీ’. తెలియకుండా, జాడ పట్టనివ్వకుండా అని. డార్విన్ 1859లో ప్రకృతి వరణం రోజూ, గంటగంటా, నిశ్శబ్దంగా, ‘ఇన్‌సెన్సిబ్లీ’ పనిచేస్తుందన్నాడు. ఈ నెమ్మది మార్పులు జరుగుతుండగా మనకేమీ కనబడవని, యుగాలు గడిచి కాలం తన గుర్తు వేశాకే తెలుస్తుందని ఆ వెంటనే అన్నాడు. పో ఖైదీకి అరగంట ఎడం చాలింది, డార్విన్‌కు యుగాలు కావాల్సి వచ్చింది. వ్యాకరణం మాత్రం ఒకటే.

ఇప్పటి ఇంగ్లీషు వార్తల్లో ‘విజిబ్లీ మూవ్డ్’, ‘విజిబ్లీ అప్‌సెట్’ అని నాయకుల గురించి తెగ రాస్తారు. అక్కడ సాక్షి ఉన్నాడు గానీ మునుపటి చూపు లేదు. అంతకుముందు ఆ మనిషి ఎలా ఉన్నాడో ఎవరూ చెప్పరు. అలాంటిచోట నేనూ పెన్ను తీసి కొట్టేస్తాను. కొట్టేయమనే సలహా పనికిరానిదేం కాదు, ముందు పేజీల్లో ఒత్తు జుట్టు ఉందో లేదో చూసుకుని కొట్టేయాలి, అంతే.

చివరికి అచ్చయింది

లాన్యన్ భాగం ఇలా కుదిరింది: ‘మరణశిక్ష ఉత్తర్వు అతని ముఖం మీద చదువుకునేంత బాగా రాసి ఉంది. ఎర్రగా నిగనిగలాడిన మనిషి పాలిపోయాడు. ఒళ్ళు కరిగిపోయింది. జుట్టు ఇంకా పలచబడింది, వయసు మీద పడింది, చూడగానే తెలుస్తోంది. అయినా లాయరు చూపు ఆగింది ఇంత త్వరగా కృశించిన ఒంటి గుర్తుల మీద కాదు. ఆ కళ్ళల్లోని భావం మీద, ఆ ధోరణి మీద. మనసు లోతుల్లో పాతుకుపోయిన ఏదో భయానికి అవి సాక్ష్యం పలుకుతున్నట్టు అనిపించింది.’

‘చూడగానే తెలుస్తోంది’ వర్తమానంలో ఉండటం గురించి కొంత చర్చ జరిగింది. మూలం భూతకాలం కదా అన్నారు మాస్టారు. తెలుగు కథనంలో చూపు సంగతి వచ్చేసరికి ఇలా వర్తమానంలోకి జారడం మనకు కొత్త కాదు, నానమ్మలు కథ చెప్పినా అలాగే చెబుతారు. ఆయన కాదనలేదు.

డికెన్స్ దగ్గర మాత్రం మాకు పొత్తు కుదరలేదు. 1843 నాటి ఆ కథలో మూడో అంకంలో పిసినారి స్క్రూజ్ వర్తమాన క్రిస్మస్ ఆత్మతో తిరుగుతుంటాడు. మొదట వచ్చినప్పుడు ఆ ఆత్మకు ముదురు గోధుమరంగు ఉంగరాల జుట్టు. తిరిగి తిరిగి ఎన్నో ఇళ్ళు చూశాక, స్క్రూజ్‌లో ఏ మార్పూ లేదు గానీ ఆత్మ ‘గ్రూ ఓల్డర్, క్లియర్లీ ఓల్డర్’ అంటాడు డికెన్స్. స్క్రూజ్ అది గమనిస్తూనే ఉన్నాడు, పైకి అనలేదు. పిల్లల పండగ విందు ఒకటి చూసి బయటికొచ్చి ఆరుబయట నిలబడ్డప్పుడు ఆత్మ జుట్టు నెరిసి ఉండటం చూస్తాడు. అప్పుడు అడుగుతాడు, ఆత్మల ఆయుష్షు ఇంత తక్కువా అని. ఇక్కడా కొలబద్ద జుట్టే.

తేడా అల్లా ఆ రెట్టింపులో ఉంది. ‘ఓల్డర్’ అని ఒకసారి అనేసి, నమ్మకం చాలక మళ్ళీ చూసి, ‘క్లియర్లీ ఓల్డర్’ అన్నట్టుంది. నేను ‘ఆత్మకు వయసు మీద పడుతోంది, అవును, పడుతోంది’ అని రాశాను. మాస్టారికి నచ్చలేదు. ‘అవును’ అనేసరికి స్క్రూజ్ తనతో తాను మాట్లాడుకుంటున్నట్టుంది, డికెన్స్ అంత లోపలికి వెళ్ళలేదన్నారు. అదీ సబబే. ఆయన ‘వయసు మీద పడుతోంది, స్పష్టంగా పడుతోంది’ దగ్గరే ఆగారు. ‘స్పష్టంగా’ మీద నా అభ్యంతరం నాకుంది. కానీ రెట్టించి చెప్పినప్పుడు ఆ మాట అంత ఎబ్బెట్టుగా లేదని, రెండోసారి వచ్చిన ‘పడుతోంది’ దాన్ని మోస్తోందని ఒప్పుకోక తప్పలేదు. పైగా డికెన్స్ ‘క్లియర్లీ’లో ‘కంటికి తెలిసేలా’, ‘సందేహం లేకుండా’ అనే రెండు అర్థాలూ కలిసే ఉన్నాయి, మన ‘స్పష్టంగా’లోనూ ఆ రెండూ ఉన్నాయి. పేరు ఆయనది, వాక్యం ఆయనది. ఫైనల్ ప్రూఫులో నా సవరణ కొట్టేసి మాస్టారి వాక్యమే పంపాను.